కార్పొరల్ కబూమ్ చేతులు

పోయిన వారం రేణుని ఒక తలుపు ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇల్లినాయి నవంబరు చలిలో బెల్లు మీద వేలు పెట్టి, నొక్కనా వద్దా అని తటపటాయిస్తూ ఆమె ఇంకా అక్కడే ఉంది. వెనకాల కారులో భర్త జితేందర్ హీటర్ పెంచుకుని ఆమె వీపుకేసి చూస్తున్నాడు. మరచిపోయినవాళ్ళ కోసం, కథని ఇవాళే పట్టుకున్నవాళ్ళ కోసం, ఈ ఇద్దరూ ఇంత దూరం ఎందుకొచ్చారో నాలుగు ముక్కల్లో చెప్పి, ఆ తర్వాత బెల్లు నొక్కిద్దాం.

నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన రేణు, హాయిగా సాగుతున్న హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, రెండేళ్ళుగా ఒక బొమ్మల పుస్తకం వేస్తోంది. కథానాయకుడు ఆమె పుట్టించినవాడు కాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా పిల్లల్ని ఒక ఊపు ఊపిన కార్పొరల్ కబూమ్. మందుగుండు ఫ్యాక్టరీలో పనిచేసే ఎర్నీ అనే బక్కపలచటి కుర్రాడు మందు తొట్టిలో పడ్డాడు. బయటికొచ్చాక అతని ఉత్త చేతులు ఏది తాకితే అది పేలిపోవడం మొదలైంది. మోచేతుల దాకా మందపాటి తొడుగులు వేసుకుంటే మామూలు మనిషి, విప్పితే ఫిరంగి. యుద్ధం జోరుగా సాగుతున్న రోజుల్లో బయలుదేరి శత్రువుల ట్యాంకులు పేల్చాడు, జలాంతర్గాములు పేల్చాడు, ఒక ముఖచిత్రం మీదైతే ఏకంగా కొండనే పేల్చాడు. పిల్లలు కాగితం తొడుగులు చేసుకుని వీధుల్లో కబూమ్ కబూమ్ అంటూ తిరిగారు.

తర్వాత యుద్ధం అయిపోయింది. సైనికులకైతే పింఛనిచ్చి ఇంటికి పంపుతారు, బొమ్మకి ఎవరిస్తారు? పేల్చడానికి శత్రువులు లేక ఆయనగారి చేత రాళ్ళ క్వారీలో పని చేయించారు, సొరంగాలు తవ్వించారు, చివరికి ఒక సంచికలో పార్కులో కూర్చోబెట్టి పిల్లలకి మొక్కజొన్న పేలాలు కూడా వేయించి పెట్టించారు. ఆఖరి సంచిక ఆఖరి బొమ్మలో ఒక చిన్నపిల్ల ఆయన వైపు చెయ్యి చాపుతుంది, ఆయన తొడుగు సగం విప్పుతాడు. అంతే, ఆ పత్రిక మూతపడింది. ఆ పిల్ల ఏమైందో ఎనభై ఏళ్ళుగా ఎవరికీ తెలియదు.

కంపెనీ పోయాక కబూమ్ మీద హక్కులు ఆయన్ని సృష్టించిన వాల్టర్ కెస్లర్ కుటుంబానికి వచ్చాయి. ఆ కుటుంబంలో ఇప్పుడు మిగిలింది ఆయన కూతురు మార్గరెట్ ఒక్కతే. ఎనభై దాటిన మనిషి. మొదట్లో ఫోన్‌లో బాగానే మాట్లాడింది. వేసుకోండి, పేజీలు చూశాక సంతకం పెడతాను అంది. రేణు మొదటి అధ్యాయం పంపింది. మొన్న ఫోన్ వచ్చింది. "ఏడో పేజీ చూశాను. మీరు ఒకసారి రావాలి. ఒంటరిగా వస్తే మంచిది." అంతే, పెట్టేసింది. ఆవిడ సంతకం లేకపోతే పుస్తకం లేదు, రెండేళ్ళ కష్టం లేదు.

ఇక బెల్లు నొక్కించవచ్చు.

తలుపు తీసిన మనిషి రేణు ఊహించుకున్నదానికంటే పొడుగ్గా ఉంది. నీలం స్వెట్టరు, చేతిలో కర్ర, నవ్వని మొహం. "రండి," అని వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద ఏదో సూప్ సన్నగా ఉడుకుతోంది. కిటికీ పక్కన పాతకాలపు చెక్క బల్ల, దాని మీద రేణు వేసిన ఏడో పేజీ. మిగతా పేజీలేవీ కనిపించలేదు. 

మీకు ఆ పేజీ గుర్తుండే ఉంటుంది. కబూమ్ అద్దెకుంటున్న ఇంటి వంటగది. ఇంటావిడ వండుకుంటూ ఉప్పు అడుగుతుంది. కబూమ్ ఉప్పు సీసా తీస్తాడు, బల్ల మీద పెడతాడు, రెండడుగులు వెనక్కి వేస్తాడు. అప్పుడావిడ తీసుకుంటుంది. మాటలు లేవు, పేలుళ్ళు లేవు, మొత్తం అధ్యాయంలో అన్నిటికంటే చప్పగా ఉండే పేజీ అదే. గొడవ వస్తే ట్యాంకులున్న పేజీ మీద వస్తుందనుకుంది గానీ, ఈ ఉప్పు సీసా మీద వస్తుందని రేణు కలలో కూడా అనుకోలేదు.

"ఇది మీకెవరు చెప్పారు?" అంది మార్గరెట్. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుంటున్నాం.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే వేశాను."

"పాత సంచికలన్నీ నా దగ్గరున్నాయి. ఒక్కదాంట్లో కూడా ఇది లేదు. కబూమ్ తొడుగులు వేసుకుని అందరితో చేతులు కలిపేవాడు, పిల్లల్ని ఎత్తుకుని తిరిగేవాడు. తొడుగులుండగా అతనికి భయమెందుకు? మీరు మాత్రం ఇలా వేశారు." మార్గరెట్ వేలితో పేజీ మీద కొట్టింది. "బల్ల మీద పెట్టడం, వెనక్కి జరగడం, అవతలి మనిషి అప్పుడు తీసుకోవడం. ఇది పుస్తకాల్లో లేదు. మా ఇంట్లో ఉండేది. ఈ బల్ల దగ్గర, నా కళ్ళముందు జరిగేది. మేం బయట ఎవరికీ చెప్పుకోలేదు."

ఆవిడ ఆగలేదు. తమ దూరపు బంధువుల్లో ఎవరినో పట్టుకుని రేణు ఇంటి గుట్టు రాబట్టిందని ఆవిడ అనుమానం. అనుమానం కూడా కాదు, నమ్మకం.

"నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. నా వెనకాల తెలుసుకుని, తెలియనట్టు నా దగ్గరికే సంతకానికి వచ్చారు. అలాంటి మనిషికి నేను ఆయన్ని అప్పగించను."

ఆయన అంటే కబూమే. బొమ్మల మనిషిని ఇంటి మనిషిలా చెబుతోంది.

రేణుకి ఏడుపొచ్చినంత పనైంది. నిజంగా తప్పు చేసి ఉంటే ఒప్పుకుని కాళ్ళ మీద పడేది. చేయని తప్పుకి ఏం చెప్పాలి? అసలు ఆ పేజీ ఎలా వేసిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఏ ట్యాంకు ఎక్కడ పేలాలో రోజుల తరబడి ఆలోచించింది గానీ, ఉప్పు గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే వేసేసింది. అలా ఎందుకు వేసింది?

అప్పుడు తట్టింది. సుబ్బులు అమ్మమ్మ.

"మేడమ్, అది మా అమ్మమ్మ," అంది గబగబా. "మా ఇంట్లో ఉప్పు ఒకరి చేతిలోంచి ఇంకొకరు తీసుకోరు. కింద పెడితేనే తీసుకోవాలి. మా అమ్మమ్మ నేపర్‌విల్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ అంతే. ఉప్పు, నూనె, నువ్వులు ఏవీ చేతికివ్వదు. చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగాను. చేతికిస్తే ప్రమాదం ఉన్న మనిషి వంటింట్లో ఎలా ఉంటాడా అని వేస్తుంటే అదే వచ్చేసింది. నిజంగా అంతే."

మార్గరెట్ లేచి పొయ్యి మీది సూప్ ఒకసారి కలిపింది.

"చక్కగా ఉంది," అంది. "మీరు కథలు రాసేవారు కదా."

"కావాలంటే మా అమ్మమ్మకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"దారిలోనే ఆవిడకి చెప్పి ఉంచారనుకుంటాను. నేను ముసలిదాన్ని గానీ, అమాయకురాల్ని కాను."

నిజం చెప్పాక కూడా నమ్మకపోతే ఆ పైన చెప్పేవన్నీ అబద్ధాల్లాగే వినిపిస్తాయి. రెండేళ్ళ పని, ఉద్యోగం మానేసినప్పుడు అమ్మ పెట్టిన శోకాలు, అన్నీ రేణుకి గుర్తొచ్చాయి. కుర్చీలోంచి లేవబోయింది.

మార్గరెట్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఆ కారులో ఎవరు?"

"మా ఆయన. మీరు ఒంటరిగా రమ్మన్నారని..."

"ఒంటరిగా అంటే లాయరు లేకుండా అని. ఒక మనిషిని చలిలో కూర్చోబెట్టమని కాదు." ఆవిడకి కోపం వచ్చినా మర్యాద మాత్రం ఎక్కడికీ పోలేదు. "పిలవండి. భోజనం వేళైంది, సూప్ తాగి వెళ్ళండి. ఆ తర్వాత మీ దారి మీది, నా దారి నాది."

జితేందర్ చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. కరీంనగర్ నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయినా అతనికీ ఇల్లినాయి చలికీ ఇంకా రాజీ కుదరలేదు. మనిషి మంచివాడు, మాట మంచిది, కాకపోతే ఆ మాట ఎక్కడ ఆపాలో తెలియదు. అందుకే రేణు గుమ్మంలోనే పట్టుకుంది.

"జీతూ, నువ్వేం మాట్లాడకు. టోటల్‌గా స్పాయిల్ అయిపోయింది."

"ఏమైంది? సైన్ చెయ్యనన్నదా?"

"కార్‌లో చెప్తా. సూప్ తాగేసి వెళ్ళిపోదాం, ప్లీజ్."

"సరే తియ్యి. నేను నోరు తెరిస్తే అడుగు," అన్నాడు జితేందర్. అంత గట్టిగా మాటిచ్చినప్పుడే భయపడాలి.

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బంగాళాదుంపల సూప్, రొట్టె. సూప్‌లో ఉప్పు లేదు, కారం సంగతి అడగనే అక్కర్లేదు. జితేందర్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా, బల్ల మధ్యలో ఉన్న ఉప్పు సీసా అందుకుని నాలుగుసార్లు గట్టిగా దులుపుకున్నాడు. రేణు తల వంచుకుని గిన్నెలోకి చూస్తోంది. ఆమె మనసు సూప్ మీద లేదు. ఇంటికెళ్ళాక అమ్మకి ఏం చెప్పాలి, పుస్తకం అచ్చువేస్తున్న సృజన్‌కి ఏం చెప్పాలి అన్నదాని మీద ఉంది. తల ఎత్తకుండానే చెయ్యి చాపింది.

"సాల్ట్ ఇటివ్వు."

అమెరికాలో పుట్టిన చెయ్యి కదా, మనసు బాగోలేనప్పుడు అమ్మమ్మ నేర్పింది మరచిపోయింది. కరీంనగర్ చెయ్యి మాత్రం మరచిపోలేదు. జితేందర్ చేతిలో సీసా ఉంది, ఎదురుగా భార్య అరచెయ్యి తెరుచుకుని ఉంది. ఆ అరచేతిని దాటించి, సీసాని ఆమె గిన్నె పక్కన బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చేతికియ్యద్దు, లొల్లైతది. ఇప్పుడున్నయి చాలవా?"

రేణు అతని చెయ్యి పూర్తిగా వెనక్కి వెళ్ళేదాకా ఆగి, సీసా తీసుకుని, ఉప్పు చల్లుకుని, తినడం మొదలుపెట్టింది. తామేం చేశారో ఇద్దరికీ తెలియదు. రోజూ చేసేదే కదా. మార్గరెట్ చెంచా మాత్రం గాలిలోనే ఆగిపోయింది.

"ఏం చేశారు మీరిప్పుడు?" అంది ఆవిడ జితేందర్‌తో.

జితేందర్ కంగారుపడ్డాడు. ఉప్పు మరీ ఎక్కువ వేసుకుని ఆవిడ వంటని అవమానించానేమో అనుకున్నాడు. "సారీ మేడమ్, సూప్ చాలా బాగుంది, నాకే కొంచెం ఉప్పు ఎక్కువ కావాలి..."

"సూప్ సంగతి కాదు. ఆమె చెయ్యి చాపింది. మీరు చేతికి ఎందుకివ్వలేదు?"

జితేందర్ భార్యకేసి చూశాడు. మాట్లాడొద్దని చెప్పింది. కానీ ఇంటావిడ నేరుగా అడుగుతుంటే మాట్లాడకపోతే ఎలా?

"మా దగ్గర ఉప్పు చేతికివ్వరు మేడమ్. ఇస్తే ఆ ఇద్దరికీ గొడవలవుతాయంటారు. మాకిద్దరికీ ఎలాగూ ఉన్నాయి, ఇంకా పెంచుకోవడం ఎందుకని."

"మీకెవరు చెప్పారు?"

"మా అమ్మ. ఆమెకి వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది. ఎవరినడిగినా ఇదే చెబుతారు మేడమ్."

మార్గరెట్ చెంచా కింద పెట్టింది. ఏడో పేజీని బల్ల మీద అతని ముందుకి జరిపింది. "ఇది మీ భార్య వేసింది. మీరు చూసే ఉంటారు కదా?"

జితేందర్ పేజీకేసి చూశాడు, రేణుకేసి చూశాడు, మళ్ళీ పేజీకేసి చూశాడు. అబద్ధం చెబితే బయటపడిపోయే మొహం అతనిది. "నిజం చెప్పాలంటే మేడమ్, ఈ పుస్తకం నేనింకా చదవలేదు."

రేణు భర్తకేసి నోరు తెరిచి చూసింది. రెండేళ్ళుగా ప్రతి పేజీ అతని ముందు పెట్టింది. ప్రతిసారీ "సూపర్ ఉంది" అన్నాడు. "కబూమ్ కళ్ళు మస్తుగొచ్చినయి" అని కూడా అన్నాడొకసారి. అంతా ఫోన్ చూస్తూ అన్న మాటలేనన్నమాట. ఇంటికెళ్ళాక ఈయనగారి పని చెప్పాలి అనుకుంది. ఇంకో రోజైతే అక్కడే చెప్పేది కూడా.

కానీ మార్గరెట్ నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కర్ర కింద పడింది, తర్వాత కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "చదవలేదు," అంది ఊపిరి తిప్పుకుంటూ, "ఈయనకి చెప్పి ఉంచారేమో అనుకుందామన్నా, చదవనే లేదు." అంతటితో ఊరుకోలేదు. ఉప్పు సీసా తీసి నేరుగా జితేందర్ ముందుకి చాపింది. పెద్దావిడ ఇస్తుంటే తీసుకోకపోతే తప్పు, తీసుకుంటే ఇంకో తప్పు. బిక్కమొహం వేసుకుని, "అక్కడ పెట్టండి మేడమ్, నేను తీసుకుంటాను," అన్నాడు. ఆవిడ మళ్ళీ నవ్వింది. ఈసారి రేణు కూడా నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చేసింది. పొద్దున్నుంచి గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. భర్త మీద కోపం కూడా దాంతోపాటే సగం దిగిపోయింది.

"మిమ్మల్ని దొంగలా చూశాను," అంది మార్గరెట్, రేణు చెయ్యి పట్టుకుని. "తప్పు నాది. ఎందుకలా చూశానో కూడా చెబుతాను, వినండి."

ఆవిడ చెప్పింది. తన జీవితంలో గుర్తున్న మొట్టమొదటి సంగతి ఈ బల్ల అంచు. దాని మీదికి ఒక చెయ్యి వచ్చి రొట్టె ముక్క పెట్టి వెనక్కి వెళ్ళిపోయేది. అడుగులు రెండు దూరం జరిగేవి. అప్పుడు తను తీసుకునేది. ఆ చేతులు పసుపు కొమ్ములు దంచినవాళ్ళ చేతుల్లా పచ్చగా ఉండేవి. ఫ్యాక్టరీలో గుండ్లలోకి నింపే మందు అలా పట్టేసేది, ఎంత రుద్దినా పోయేది కాదు. ఒంటికి మంచిది కాదని అందరికీ తెలుసు. పసిపిల్ల చేతికి అంటుతుందని భయం. యుద్ధం జరిగినన్నాళ్ళూ ఆ చేతులు తనని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

"చిన్నప్పుడు నాకు కోపంగా ఉండేది. మిగతా పిల్లల్ని ఎత్తుకుంటారు, నన్నెందుకు ఎత్తుకోరు అని. పెద్దయ్యాక అర్థమైంది. అర్థమయ్యాక ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. మీ ఏడో పేజీ చూడగానే నా బల్ల ఎవరో ఎత్తుకుపోయినట్టనిపించింది."

"వాల్టర్ గారు ఎంత బాధపడి ఉంటారో," అంది రేణు మెల్లగా. "సొంత కూతుర్ని ముట్టుకోకుండా."

"వాల్టరా?" మార్గరెట్ ఆశ్చర్యంగా చూసింది. "మా నాన్న ఏ ఫ్యాక్టరీకీ వెళ్ళలేదు. ఉబ్బసం మనిషి, సైన్యంలోకి కూడా తీసుకోలేదు. ఇంట్లో కూర్చుని బొమ్మలు వేసేవాడు. ఫ్యాక్టరీకి వెళ్ళింది మా అమ్మ. ఎడ్నా. ఆ చేతులు మా అమ్మవి."

మందు తొట్టి, తొడుగులు, ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయం, అన్నీ ఆవిడవే. ఫ్యాక్టరీ నుంచి వచ్చి స్నానం చేసి, ఈ బల్ల దగ్గర కూర్చుని కథ చెప్పేది. వాల్టర్ వింటూ వేసేవాడు. కబూమ్ ఎవరిని పేల్చాలో, ఎవరిని వదిలేయాలో, ఎప్పుడేం మాట్లాడాలో అంతా ఆవిడే చెప్పేది. ఇద్దరి పేర్లూ వేయమని వాల్టర్ ఒకసారి అడిగాడట. మగపిల్లలు కొనే పుస్తకం మీద ఆడవాళ్ళ పేరు ఉంటే ఎవరూ కొనరని కంపెనీవాళ్ళు కొట్టిపారేశారు. తర్వాత ఎవరూ అడగలేదు.

"మరి ఆఖరి కథ?" అంది రేణు. ఎనభై ఏళ్ళుగా ఎవరికీ తెలియని సంగతి తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని సూప్ తాగుతోందని అప్పుడే తట్టింది ఆమెకి. "ఆ పిల్ల చెయ్యి చాపుతుంది, కబూమ్ తొడుగు విప్పుతాడు. ఆ తర్వాత ఏమవుతుంది?"

"మీరేమనుకుంటున్నారు?"

"నేను పెద్ద బ్లాస్ట్ రాసుకున్నాను. ఆ పిల్లని తోసేసి, తన చేతులు నదిలో పెడతాడు. నది పేలిపోతుంది." తను ఎంతో గొప్పగా ఉందనుకున్న ముగింపు, ఆ బల్ల దగ్గర చెబుతుంటే ఎందుకో సిగ్గుగా అనిపించింది రేణుకి.

మార్గరెట్ తల అడ్డంగా ఊపింది. "యుద్ధం అయిపోయాక ఫ్యాక్టరీ మూసేశారు. కొన్నాళ్ళకి అమ్మ చేతుల పచ్చదనం పోయింది. ఒకరోజు రొట్టె ముక్క పట్టుకుని నా ముందుకి చాపింది. నేను తీసుకోలేదట. బల్ల మీద పెట్టేదాకా చూస్తూ నిలబడ్డానట, అలవాటు కదా. అమ్మే నా చెయ్యి లాగి, అందులో రొట్టె పెట్టింది. అంతే. ఏమీ కాలేదు. మా అమ్మ చెప్పిన ఆఖరి కథ కూడా అదే. కబూమ్ తొడుగు విప్పుతాడు, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటాడు, ఏమీ కాదు. ఏదీ పేలదు. పేలని కబూమ్‌ని ఎవరు కొంటారని కంపెనీ అడిగింది. ఆ సంచిక రాలేదు."

జితేందర్ గిన్నె పక్కకి జరిపి, "ఈ పుస్తకం నేను చదువుతా రేణు," అన్నాడు తెలుగులో. "ఒట్టు." రేణు అతని భుజం మీద చిన్నగా కొట్టింది. తన నది పేలుడు మొత్తం తీసి పారేయాలని అప్పటికే నిర్ణయించుకుంది. అంత పని మళ్ళీ చేయాల్సి వస్తున్నందుకు ఆమెకి బాధ కలగలేదు. ఇన్నాళ్ళూ ఎందుకో అతకడం లేదనిపించిన పుస్తకం ఇప్పుడు అతికింది.

మార్గరెట్ కళ్ళజోడు పెట్టుకుని, రేణు సంచిలోంచి తీసిన ఒప్పందం కాగితం ముందుకి లాక్కుంది. పెన్ను తీసింది. పై వరుసలో 'సృష్టికర్త: వాల్టర్ కెస్లర్' అన్నచోట ఆగింది.

"నాకు ఒకటే కోరిక. ఇక్కడ మా అమ్మ పేరు ఉండాలి. ముందు అమ్మది, తర్వాత నాన్నది. ముఖచిత్రం మీద కూడా. మా నాన్న ఉన్నా అదే అడిగేవాడు."

"ఇంత చిన్న విషయానికి మీరు అడగాలా?" అంది రేణు. ఆ క్షణంలో ఆవిడ ఇంకేం అడిగినా ఇచ్చేసేది. "మా పబ్లిషర్‌కి మీ ముందే చెప్తాను, మీరే వినండి." ఫోన్ తీసి, స్పీకర్ ఆన్ చేసి, బల్ల మీద పెట్టింది. పార్సిప్పనీలో ఉండే సృజన్ ఆమెకి కాలేజీ స్నేహితుడు. చిన్న ప్రచురణ సంస్థ నడుపుతాడు, పెద్ద కంగారు మనిషి. ఒక్క రింగ్‌కే ఎత్తాడు.

"హే రేణు, నేనే కాల్ చేద్దాం అనుకున్నా. గుడ్ న్యూస్ ఉంది."

"నా దగ్గర కూడా ఉంది. సృజన్, కవర్ మీద..."

"కవర్ గురించే చెప్తున్నా, విను. ప్రింటర్ దగ్గర ఒక స్లాట్ క్యాన్సిల్ అయింది, సో మనది ఇచ్చేశా. కవర్స్ ఆల్రెడీ ప్రింట్ అయిపోయాయ్, ఈ మార్నింగే. క్రియేటెడ్ బై వాల్టర్ కెస్లర్, గోల్డ్ లెటర్స్‌లో. లుక్స్ అమేజింగ్."

రేణు ఫోన్ మీదికి వంగింది. "సృజన్, ఆగు, స్పీకర్‌లో..."

"పర్మిషన్ గురించి టెన్షన్ పడకు. సిగ్నేచర్ ఇస్ జస్ట్ ఎ ఫార్మాలిటీ. ఓల్డ్ లేడీ ఎలాగో సైన్ చేసేస్తది కదా. అందుకే వెయిట్ చెయ్యలే."

రేణు ఫోన్ లాక్కుని ఆపేసింది. మీట నొక్కబోయి రెండుసార్లు తప్పు నొక్కింది. ఆ తర్వాత, తాము మాట్లాడుకున్నది తెలుగే కదా అన్న చిన్న ఆశతో తల ఎత్తి చూసింది.

మార్గరెట్ పెన్నుకి మూత పెట్టింది.

"మీ తెలుగు నాకు రాదు," అంది నెమ్మదిగా. "కానీ ఆయన ఇంగ్లీషు మాటల్ని బట్టి, నేను సంతకం పెట్టకముందే, మా అమ్మ పేరు లేకుండా, అచ్చువేసేశారని అర్థమైంది. ఇందులో నాకు తెలియని మాట ఏమైనా మిగిలిందా?"